మూడువందల పేజీల్లో ఒక్క చేప లేదు

పోయిన సంక్రాంతికి ముందు నాకొక వుత్తరం వచ్చింది. సెల్‌ఫోనులో రెండు ముక్కలు కొట్టి పంపేసే ఈ రోజుల్లో, నీలిసిరాతో నాలుగు పేజీల వుత్తరం! రాసినామె కాళేశ్వరం దగ్గర ఒక బళ్ళో టీచరట. నా నవల రెండుసార్లు చదివానంటూ మొదటి మూడు పేజీలూ మెచ్చుకుంది. అసలు సంగతి నాలుగో పేజీలో వుంది.

"మేడమ్, మీ కథానాయిక పెళ్ళయి మా వూరొచ్చింది. మూడువందల పేజీలు గోదావరి ఒడ్డున కాపురం చేసింది. పొద్దున్నే కాఫీ కలిపింది. గుత్తివంకాయ కూర వండింది. ఆవకాయ పెట్టింది. అలిగి పడుకున్న రోజున కూడా లేచి పెరుగన్నం తిన్నది. ఒక్కనాడైనా చేప వండలేదు. వాళ్ళు చేపలు ముట్టని ఇంటివాళ్ళని మీరెక్కడా రాయలేదు. మరెందుకు తినలేదో తెలుసుకుందామని రాస్తున్నాను. తప్పయితే క్షమించండి."

నా నవలల మీద వచ్చిన విమర్శలు తక్కువేం కాదు. కథ నడవలేదన్నారు, కన్నీళ్ళు ఎక్కువన్నారు, ముగింపు ముందే తెలిసిపోయిందన్నారు. వాటిలో దేనికీ నా నిద్ర చెడలేదు. ఈ వుత్తరానికి చెడింది. ఎందుకంటే మాది చేపలు తినే ఇల్లు.

నా చిన్నప్పుడు వరంగల్లులో ఒక వాటా అద్దెకుండేవాళ్ళం. ఇంటావిడకి నీసువాసన గిట్టదు. మా అమ్మ చేపలు వండిన రోజున వీధివైపు కిటికీలు మూసేది, ముందుగదిలో సాంబ్రాణి వేసేది, చింతపండుతో చేతులు తోముకుని, వాసన పోయిందో లేదో నన్ను చూడమనేది. బళ్ళో స్నేహితురాలు "ఇవాళ మీ ఇంట్లో కూరేమిటే?" అంటే, "వంకాయ" అనేదాన్ని. ఆనాడు చెప్పిన ఆ వంకాయే పెరిగి పెద్దదై నా నవలల నిండా కాసింది!

ఇది నా ఒక్కదాని పాపమేనా అని ఇంట్లో వున్న పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను. వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినదాన్ని కదా, వాటిలో వంటిళ్ళ కోసం వెతికాను. వంటిళ్ళకేం, బోలెడున్నాయి. కాఫీ పొంగుతుంది, తాలింపు చిటపటలాడుతుంది, అత్తగారు పనసపొట్టు కూర గురించి పాఠం చెబుతుంది. నీసు మాత్రం గడప దాటి రాదు. వచ్చినా దుర్మార్గుడి పళ్ళెంలోకో, క్లబ్బులో మందుగ్లాసు పక్కకో వస్తుంది. మంచి కోడలు శుక్రవారం పూట పసుపు రాసుకుంటుంది గాని ఆదివారం పూట చేప తోమదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, 1990ల తర్వాత దళిత, బహుజన, ముస్లిం రచయితలూ రచయిత్రులూ ఈ ముసుగు తీశారు. వాళ్ళ కథల్లో పొయ్యి మీద ఏం వుడుకుతోందో దాచలేదు. దాచినవాళ్ళం మాలాంటి వాళ్ళం. తింటూనే రాయకుండా వున్నవాళ్ళం.

పక్క భాషలవాళ్ళకి ఈ సిగ్గు లేదు. మాణిక్ బంద్యోపాధ్యాయ 1936లో రాసిన 'పద్మానది మాఝి' ఇలిస చేపల వేటతోనే మొదలవుతుంది. తకళి శివశంకర పిళ్ళై 1956లో నవల రాసి దానికి 'చెమ్మీన్' అని పేరు పెట్టాడు. అంటే రొయ్య! ఆ నవలకి మరుసటేడు సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. 'రొయ్య' అని నేను నా నవలకి పేరు పెడితే పబ్లిషరుగారు ఏమంటారో వూహించుకుంటేనే నవ్వొస్తోంది.

పోనీ మన పాతవాళ్ళు? ఓరుగల్లు భోజనం అనగానే అందరూ 'క్రీడాభిరామం'లో రూకకి భోజనం పెట్టే పూటకూటింటిని తలుస్తారు. అదంతా శాకాహారమే. అంతకంటే ఘాటైన పద్యం మరొకటుంది. దాన్ని పెళ్ళివిందుల వ్యాసాల్లో ఎవరూ తలవరు. 'ఆముక్తమాల్యద' రెండో ఆశ్వాసంలో, వేసవి వర్ణనలో శ్రీకృష్ణదేవరాయలు చేపలకూర వండించాడు. విష్ణుభక్తి కావ్యంలో సుమా! ఎండకి ఇంకిపోతున్న నీళ్ళలోంచి పట్టుకొచ్చిన చేపలు, లేతదనం దాటిన కొత్త మామిడికాయ, చుయ్యిమనే నూనె తాలింపు. మధ్యాహ్నం అది తిన్న భోగులకి సాయంకాలం ఆ వాసనతో త్రేన్పులొస్తుంటే, తడి ఇసకలో పాతిపెట్టి చల్లబరచిన కొబ్బరినీళ్ళు తాగి శాంతపడతారు. చేప ఏ నీళ్ళదో, మామిడికాయ ఎంత ముదిరిందో, నూనె ఎలా మోగిందో, తిన్నాక ఏమయిందో అన్నీ చెప్పాడు మహారాజు. ఎండుమిరపకాయ మాత్రం లేదు. అది పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చి మన వంటిళ్ళకి అలవాటు పడడానికి ఇంకా కొంత కాలం పట్టింది.

ఆ పద్యం చదువుతుంటే నాకు నోరూరింది, నా నవల గుర్తొచ్చి తల వంగింది. రెండోసారి చదివితే ఇంకొకటి కనబడింది. అది తర్వాత చెబుతాను.

నవలల్లో లేకపోతేనేం, వంటల పేజీలున్నాయిగా అంటారు మీరు. నేనూ అనుకున్నాను. చేపల పులుసు మీద నా దగ్గరున్న కత్తిరింపులూ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి: శుభ్రం చేసిన చేపముక్కలు అరకిలో. ఏ చేప? బొచ్చె తలకాయ పులుసుకి బాగుంటుంది. రవ్వలో సన్నముళ్ళు ఎక్కువ, పిల్లలకి ఒలిచి పెట్టాలి. కొర్రమట్టకి ముళ్ళు తక్కువ, ధర ఎక్కువ. వాలుగకీ జెల్లకీ పొలుసే వుండదు, జిగురుంటుంది. ఇన్నిటినీ కలిపి 'చేపముక్కలు' అనెయ్యడం, 'ఒక ఆడమనిషి' అని కథానాయికకి పేరు పెట్టకుండా నవల రాసినట్టుంటుంది.

పేరు చెప్పిన పేజీల్లోనూ గోదావరి చేప అంటే పులసే. పుస్తెలమ్మైనా తినాలనే ఆ సామెత లేకుండా ఒక్కరూ రాయరు. తినండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే పులసకి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర హయాంలో 1852లో పూర్తయిన ఆనకట్ట అడ్డం. ఆ పైన నదీ వుంది, ఒడ్డున వూళ్ళూ వున్నాయి, పొయ్యిలూ వున్నాయి. వంటల పేజీల్లో మాత్రం గోదావరి రాజమండ్రిలోనే పుడుతుంది.

అసలు నన్ను పట్టుకున్నది 'శుభ్రం చేసిన' అనే ముక్క. ఎవరు చేసిన? తెలుగులో ఇదొక సౌకర్యం, కర్త లేకుండా పని జరిపించెయ్యొచ్చు. ఆ రెండు మాటల వెనక గంటన్నర ఆడమనిషి కష్టం వుంది. ఇది పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. ఆ టీచరమ్మకి జవాబు రాస్తే, "ఒకసారి మా ఇంటికి రండక్కా" అని పిలిచింది. ఎండాకాలం మొదట్లో వెళ్ళాను. ఆ పెరట్లో తెలుసుకున్నాను.

"ముందు గుడికి పోయొద్దాం అక్కా, చేప తిన్నంక పోవద్దు" అంది. ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ, యముడూ శివుడూ పక్కపక్కన. దండం పెట్టుకుని సంగమం దాకా నడిచాం. వార్ధా, వైనగంగ, పెన్‌గంగల నీళ్ళు మోసుకొచ్చే ప్రాణహిత ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. అవతల సిరొంచ, మహారాష్ట్ర. దిగువన మేడిగడ్డ దగ్గర 2019లో బ్యారేజీ ప్రారంభమయింది, 2023 అక్టోబరులో దాని స్తంభాలు కుంగాయి. "నీళ్ళు నిల్చినప్పుడు ఒక లెక్క, పోయినంక ఒక లెక్క" అని ఆ పూటంతా వాళ్ళత్తగారు అన్న రాజకీయం ఆ ఒక్క ముక్కే.

ఆ అత్తగారికి డెబ్బై దాటి వుంటాయి. బెస్తవాళ్ళు మడుగులో పట్టిన బొచ్చె, చెయ్యి పొడుగుది, నా ముందు పెట్టింది. "రాసేదానివంట గదా బిడ్డా, పట్టు" అంది. కత్తిపీట ముందు కూర్చున్నాను. మా అమ్మ చేస్తుంటే చూశానేగాని, నేను పట్నంలో ఎప్పుడూ కొట్టించిన ముక్కలే తెచ్చుకున్నాను. పొలుసు తోకవైపు నుంచి తలవైపుకి గియ్యాలిట. నేను తిరగేసి గీశాను. పొలుసులు ఎగిరి జుట్టులో పడ్డాయి, ఒకటి కళ్ళజోడుకి అంటుకుంది. టీచరమ్మ కూతురు పడీపడీ నవ్వింది. మొప్పలు లాగాలి, రెక్కలు కొయ్యాలి, పొట్ట చీల్చి పేగులు తియ్యాలి. "నిమ్మళంగ! చేదు పలుగుతది" అని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. కాలేయం పక్కన ఆకుపచ్చగా చిన్న సంచి. అది చిట్లితే ఆ కూర ఇక ఎవరూ తినలేరు. దాన్ని రెండు వేళ్ళతో తుంచి పారేసింది. తర్వాత బూడిద రాసి రాయి మీద రుద్దడం, వుప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడగడం. వంటల పేజీలో ఇదంతా కలిసి 'శుభ్రం చేసిన'.

ఇహ పులుసు. రెండు ఉల్లిగడ్డలు నిప్పుల మీద నల్లగా కాల్చి, పొట్టు తీసి, వేయించిన నువ్వులూ ఎండుకొబ్బరీ ధనియాలతో కలిపి రోట్లో నూరింది. చింతపండు కొంచెమే వేసి, మామిడికాయ ముక్కలు వేసింది. నేను వులిక్కిపడి చూశాను. చెట్టున టెంక కట్టిన కాయ, లేతది కాదు. "పిందె అయితె వగరు, పండుబారితె తీపి" అంది. ఇంకుతున్న మడుగులో చేప, లేతదనం దాటిన మామిడికాయ! అయిదువందల ఏళ్ళనాటి మహారాజుగారి పద్యం ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు, పొయ్యి మీద వుడికిస్తున్నారు.

పులుసు బాగా మరిగాకే ముక్కలు వెయ్యాలి. వేశాక గంటె పెట్టకూడదు. "గంటె పెడితె ముక్క పెంటయితది. గుడ్డతోని చట్టి పట్టి ఊపాలె." పది పన్నెండు నిమిషాలు. పైన మెంతి, జీలకర్ర పొడి. పులుపు దేనికని అడిగితే "నీసు గుంజుకుంటది" అంది. ఇంటికొచ్చాక సైన్సు చదివిన మా అబ్బాయి చెప్పాడు: మంచినీటి చేపల మట్టివాసనకి కారణమయిన జియోస్మిన్ అనే పదార్థం పులుపులో విరిగిపోతుందిట. వంటల పేజీలు 'రుచికి తగినంత చింతపండు' అని వూరుకుంటాయి. ఆవిడ కారణం చెప్పింది.

అప్పుడు కనపడింది నాకు, రెండోసారి పద్యం చదివినప్పుడు తోచిందని చెప్పానే, అది. రాయలవారి పద్యంలో తిన్నవాళ్ళున్నారు, త్రేన్చినవాళ్ళున్నారు. వండిందెవరు? లేరు. చేపా మామిడికాయా తాలింపూ వాటంతటవే కూరయిపోయాయి. అంత నిశితంగా చూసిన కవి కన్ను కత్తిపీట దాకా వెళ్ళలేదు. వంటల పేజీకి వండే మనిషి కావాలి గాని ఆవిడ చేతికంటిన నీసు అక్కర్లేదు. మా సీరియల్ నవలలకి ఆవిడా అక్కర్లేదు, చేపా అక్కర్లేదు. ముగ్గురిలో నాదే ఎక్కువ తప్పు. రాజుకి తెలియకపోవచ్చు, పేజీకి చోటు చాలకపోవచ్చు. నాకు తెలుసు, మూడువందల పేజీల చోటూ వుంది.

ఆ రాత్రి కూర కొంచెం మిగిలితే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు పెద్దావిడ. పొద్దున్నే చల్లని పులుసు, వేడన్నం. వాళ్ళింటి కిటికీలన్నీ తెరిచే వున్నాయి. మా అమ్మ గుర్తొచ్చి ముద్ద దిగలేదు కాసేపు. "ముల్లు పడ్డదా?" అని అడిగారు. అవునన్నాను.

నవల రెండో ముద్రణకి వెళుతోంది. కొత్తగా రెండు పేజీలు కలిపాను. కథానాయిక పెరట్లో కూర్చుని చేప తోముతుంది, పొలుసు జుట్టులో పడుతుంది, కిటికీ తెరిచి పులుసు కాస్తుంది. రాసి చాలా సంతోషించాను. ప్రెస్సుకి పంపే ముందు టీచరమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. "చాలా బాగుందక్కా" అంది. పక్కనుంచి వాళ్ళత్తగారి గొంతు వినబడింది.

"పొలుసు గీకింది, రెక్కలు కోసింది, కడిగి పొయ్యి మీదేసింది. అంత మంచిగనే వుంది బిడ్డా. చేదెప్పుడు తీసింది?"