ఒక ఆల్బమ్, ఎన్నో చేతులు

ముందుమాట

బీటిల్స్ బృందం 1967లో వెలువరించిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ మీద ఇంగ్లీషులో పుస్తకాలు కొల్లలు. ఆ పాటల భావం మీద, ఆ అట్ట మీది బొమ్మల మీద, ఆనాటి కుర్రకారు మీద జరగని చర్చ లేదు. ఈ పుస్తకం రాసిన చిరంజీవి ఆ జోలికే పోలేదు. ఆ ఒక్క ఆల్బమ్ యాభై ఏళ్ళలో ఎన్ని రికార్డులుగా వచ్చింది, ఏ రికార్డులో ఏం వినిపిస్తుంది, అలా వినిపించడానికి ఎవరు కారకులు అన్నంతవరకే రాశాడు. రేడియోలో రికార్డులు మోగించే ఉద్యోగంలో జుట్టు నెరిసినవాణ్ణని కాబోలు, ముందుమాట నన్ను అడిగాడు. రాతప్రతి చదివాక ఆ అడగడం నాకే మర్యాద అనిపించింది.

పుస్తకానికి పునాది మొదటి అధ్యాయం. స్టూడియోలో పాడిన పాట మన ముల్లు కిందికి చేరేలోపు నాలుగు చేతులు మారుతుంది. టేపు మీద విడివిడిగా ఉన్న గొంతులనూ వాద్యాలనూ ఏది ఎంత వినిపించాలి, ఏ పక్క వినిపించాలి అని కుదిర్చేవాడు మిక్సింగ్ ఇంజనీరు. కుదిరినదాన్ని రికార్డుకు అనువుగా సవరించేవాడు మాస్టరింగ్ ఇంజనీరు. లక్కర్ పూత పళ్ళెం మీద గాడి చెక్కేవాడు కటింగ్ ఇంజనీరు. ఆ గాడి నుంచి లోహపు అచ్చులు తీసి వినైల్ ఒత్తేది ఫ్యాక్టరీ. రీమాస్టర్ అంటే రెండో చేయి మారిందని, రీమిక్స్ అంటే మొదటి చేయే మారిందని ఈ అధ్యాయం చదివినవాడికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. మన సినిమాల్లో పాత పాటకు కొత్త దరువు తగిలించి రీమిక్స్ అంటున్నారే, ఇది అది కాదు. ఇక్కడ కొత్తగా వాయించింది ఒక్క స్వరం కూడా ఉండదు. అప్పుడు వాయించినవే మళ్ళీ తూచి కలుపుతారు.

‘అసలుదే అసలైనది, తర్వాత వచ్చినవన్నీ కల్తీ’ అనే రికార్డు ప్రియులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళను రచయిత ఒక్క ప్రశ్నతో నిలబెడతాడు: ఏది అసలు? 1967లోనే ఈ ఆల్బమ్ రెండు రూపాల్లో వచ్చింది. ఒకటి మోనో, రెండోది స్టీరియో. ఆనాటి ఇంగ్లండులో ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్నవి మోనో యంత్రాలే. అందుకని బీటిల్స్ దగ్గర కూర్చుని వారాల తరబడి తీర్చి దిద్దుకున్నది మోనో మిక్స్. ఆ తర్వాత వాళ్ళు లేకుండా నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమరిక్, సహాయకుడు రిచర్డ్ లష్ కలిసి కొద్ది రోజుల్లో స్టీరియో మిక్స్ ముగించారు. రెండింటికీ తేడా బాగానే ఉంది. ‘షీజ్ లీవింగ్ హోమ్’ మోనోలో వేగంగా, అర మెట్టు పై శ్రుతిలో నడుస్తుంది. స్టీరియోలో నెమ్మదించి మరింత దిగులుగా వినిపిస్తుంది. ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’లో గొంతు సుడి తిరిగినట్టుండే ఆ చమత్కారం మోనోలో గాఢం, స్టీరియోలో పలచన. టైటిల్ పాట రెండోసారి వచ్చినప్పుడు చివర్లో పాల్ మెకార్ట్నీ వేసే కేకలు మోనోలో స్పష్టంగా వినపడతాయి, స్టీరియోలో వాద్యాల కింద మునిగిపోతాయి. 1987లో వచ్చిన సీడీలో పెట్టింది స్టీరియోనే. అందువల్ల బీటిల్స్ స్వయంగా ఆమోదించిన మిక్స్ ఒక తరం శ్రోతలకు అరుదైపోయింది. 2009లో మోనో సీడీల పెట్టె వచ్చేదాకా చాలామందికి దాని సంగతే తెలియదు.

తర్వాతి అధ్యాయం టేపుల గురించి. చదివినంతసేపూ పాత స్టూడియో వాసన తగిలినట్టుంది. ఆబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో అప్పుడున్నవి స్టూడర్ జె37 యంత్రాలు, అంగుళం వెడల్పు టేపు మీద నాలుగే ట్రాకులు. నాలుగూ నిండితే వాటిని ఒకటిగానో రెండుగానో కలిపి రెండో యంత్రం మీదికి ఎక్కించేవారు. దాంతో మిగతా ట్రాకులు ఖాళీ అయ్యేవి, వాటి మీద కొత్త వాద్యాలు చేరేవి. ఇలా ఎక్కించిన ప్రతిసారీ టేపు బుస పెరుగుతుంది, డ్రమ్స్ పదును తగ్గుతుంది. పైగా ఒకసారి కలిసిన డ్రమ్స్‌నూ గిటార్‌నూ మళ్ళీ విడదీయడం అప్పట్లో కుదిరేది కాదు. 1967 స్టీరియోలో వాద్యాలన్నీ ఒక పక్క, గొంతు మరో పక్క ఒదిగినట్టు అనిపించే చోట్ల కారణం అభిరుచి ఒక్కటే కాదు. ఇంజనీర్ల చేతిలో ఉన్నవి ఆ నాలుగు ట్రాకులే. ‘ఎ డే ఇన్ ద లైఫ్’ కోసం నలభై మంది ఆర్కెస్ట్రాను తెచ్చినప్పుడు స్టూడియో ఇంజనీరు కెన్ టౌన్సెండ్ 50 హెర్ట్జ్ సంకేతంతో రెండు యంత్రాలను జత చేసి నడిపించిన తీరును రచయిత సాంకేతిక వివరం ఒక్కటీ వదలకుండా, కథలా చదివించేలా చెప్పాడు.

2017 నాటి రీమిక్స్ విలువ తెలియాలంటే ఈ అధ్యాయం చదివి ఉండాలి. జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్, ఇంజనీరు శామ్ ఒకెల్ కలిసి, కలపకముందు నాటి మొదటి తరం టేపులను వెదికి తీశారు. ఇ.ఎం.ఐ. వాటిని చెరిపేయకుండా దాచడం మన అదృష్టం. ఆ టేపులను ఒకదాని పక్కన ఒకటి కాలానికి సరిపెట్టి కొత్తగా స్టీరియో కుదిర్చారు. 1967లో అణగిపోయిన రింగో స్టార్ డ్రమ్స్ ఒళ్ళు విరుచుకుని బయటికి వచ్చాయి. వాళ్ళు దారిదీపంగా పెట్టుకున్నది పాత స్టీరియోను కాదు, మోనోను. అందుకే ‘షీజ్ లీవింగ్ హోమ్’ కొత్త స్టీరియోలో మోనో శ్రుతికే చేరింది. కొత్త రీమిక్స్ పాత మోనోకు చుట్టరికం చెప్పుకోవడం విచిత్రమే, కానీ చెవులకు అది నిజం. వినైల్ విషయానికొస్తే, 2012లో వచ్చిన స్టీరియో రికార్డులు 2009 నాటి డిజిటల్ రీమాస్టర్ ప్రతి నుంచి చెక్కినవి. 2014లో వచ్చిన మోనో రికార్డులను ఇంజనీర్లు శాన్ మెగీ, స్టీవ్ బెర్కొవిట్జ్ మధ్యలో డిజిటల్ మెట్టు లేకుండా నేరుగా మాస్టర్ టేపుల నుంచి తయారు చేశారు. ఈ తేడాలను రచయిత పట్టికలో పెట్టి ఊరుకోలేదు. ఏ పాటలో ఏ చరణం దగ్గర చెవి పెట్టాలో చూపించాడు.

ఈ పుస్తకాన్ని నేను నమ్మడానికి కారణం రచయిత విన్న పద్ధతి. రెండు రికార్డులను పోల్చేటప్పుడు ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా చెవి దానివైపే మొగ్గుతుంది, దాన్నే మేలైనదంటుంది. కొత్త రీమాస్టర్ల మీది మెప్పులో చాలా భాగం ఈ మోసమే. ఇతను ప్రతి పోలికకూ ముందు శబ్దమట్టం కొలిచి సమం చేశాడు. పళ్ళెం తిరిగే వేగం సరిచూశాడు, లేకపోతే శ్రుతి తేడా మిక్స్‌దో యంత్రానిదో తేలదు. మోనో రికార్డును వినేటప్పుడు మోనో స్విచ్చి నొక్కాడు. మోనో గాడి అడ్డంగా మాత్రమే ఊగుతుంది కాబట్టి నిలువు కదలికలో పుట్టే చిటపటలు ఆ స్విచ్చితో రద్దవుతాయి. ఏ రికార్డు మోగుతోందో తెలియకుండా వేరొకరి చేత పెట్టించి విన్నాడు. ఇంత కట్టుదిట్టం ఉన్నచోట ‘నాకిది నచ్చింది’ అన్న మాటకు కూడా బరువొస్తుంది.

నాలుగు చేతుల్లో కటింగ్ ఇంజనీరుకు ఎవరూ దండ వేయరు. ఆ లోటు ఈ పుస్తకం తీర్చింది. 33⅓ వేగంలో తిరిగే ఎల్.పి. మీద బయటి గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగితే, లోపలి గాడి 21 సెంటీమీటర్లే సాగుతుంది. అదే ధ్వనిని సగంకన్నా తక్కువ చోటులో ఇరికించాలి. ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే భారమైన ఘట్టం సరిగ్గా అక్కడే పడింది. ‘ఎ డే ఇన్ ద లైఫ్’ రెండో వైపు ఆఖరి పాట. ఆర్కెస్ట్రా కింది స్వరం నుంచి శిఖరానికి ఎగబాకేది లోపలి గాడుల మీదే. తర్వాత పియానోల మీద ఒక్కసారిగా పడే ఆ ‘ఇ’ మేజర్ కార్డ్ నలభై సెకన్లకు పైగా ఆరిపోతూ ఉంటుంది. ధ్వని తగ్గేకొద్దీ ఇంజనీర్లు మీటలు పైకి జరుపుతూ పోవడంతో స్టూడియోలో కుర్చీ కిర్రుమన్నది కూడా టేపుకెక్కింది. మంచి ప్రెసింగ్ ఏదో తేల్చుకోవాలంటే ఆ కిర్రు వినబడుతోందా, వినైల్ రొదలో కలిసిపోతోందా చూడమంటాడు రచయిత. ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలియదు. ఆ పైన బ్రిటిష్ రికార్డు చివరి వలయంలో అంతులేకుండా తిరిగే అర్థంలేని మాటలు అప్పటి అమెరికా రికార్డులో లేవు. ఒకే ఆల్బమ్‌ను రెండు దేశాలవాళ్ళు రెండు రకాలుగా ముగించారన్న మాట.

మన దేశపు సంగతికి పుస్తకంలో తగిన చోటు దక్కింది. జార్జ్ హారిసన్ రాసిన ‘వితిన్ యూ వితౌట్ యూ’లో ప్రధానంగా వాయించింది లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా వచ్చిన భారతీయ కళాకారులు. 1967 అట్ట మీద వాళ్ళ పేర్లు లేవు. ఆ పాటలో దిల్‌రుబా, తబలా, తంబురా ఏ రికార్డులో ఎంత ముందుకొచ్చాయో రచయిత వరసగా చెప్పాడు. నా మటుకు పుస్తకంలో మేలిమి భాగం ఇదే, ఎందుకంటే ఆ వాద్యాల అసలు నాదం తెలిసిన చెవితో విని రాసినది. అట్ట మీది గుంపులో గాంధీజీ బొమ్మ కూడా ఉండాల్సింది. భారతదేశంలో నొచ్చుకుంటారేమోనని ఇ.ఎం.ఐ. అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ తీయించేశారు. కలకత్తా దగ్గరి దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీ బీటిల్స్ రికార్డులనూ ఒత్తింది, మన తెలుగు పాటల రికార్డులనూ ఒత్తింది. దమ్‌దమ్ ప్రెసింగులను చులకన చేసే అలవాటు సేకర్తల్లో ఉంది. ఆ చులకనలో ఎంత న్యాయముందో వినే తేల్చాడు. ఏం తేలిందో నేను చెప్పను, పుస్తకంలో చదవండి.

పీఠిక రాసేవాడు పొగిడి చేతులు దులుపుకోకూడదు కనుక నా విభేదం ఒకటి చెప్పాలి. రచయిత చివరికి మొగ్గింది 2017 రీమిక్స్ వైపు. నా ఓటు మోనోకే. రీమిక్స్‌లో బాస్, డ్రమ్స్ ఇంత ముందుకు రావడం ఈనాటి చెవుల కోరిక. 1967లో ఆ గదిలో కూర్చున్నవాళ్ళు అంతంత మోతాదు కోరలేదు. టేపు మీద ఉన్నంత మాత్రాన ప్రతిదీ వినిపించి తీరాలన్న నియమం లేదు. వెనక్కి నెట్టడం కూడా మిక్స్ చేసినవాడి తీర్పే. 2022లో బీటిల్స్ మరో ఆల్బమ్ ‘రివాల్వర్’ రీమిక్స్‌కు సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ వాడి, ఒకే ట్రాకులో కలిసిపోయిన వాద్యాలను కూడా విడదీశారు. ఇక ముందు తీర్పు మార్చడానికి టేపుల హద్దు కూడా అడ్డు రాదు. అందుకే ఏ తీర్పు ఎవరిదో రాసిపెట్టే ఇలాంటి పుస్తకాల అవసరం పెరుగుతుంది. రచయితతో నేను విభేదించగలగడం కూడా అతని చలవే. తన కారణాలన్నీ పేజీ మీద పరిచాడు కాబట్టే నాకు కాదనే వీలు దొరికింది.

పాఠకుడికి ఒక మాట. ఈ పుస్తకం చదివి అన్ని రికార్డులూ కొనుక్కోవాలనే ఉబలాటం పడొద్దు. పాత మొదటి ప్రెసింగులకు పలుకుతున్న ధర వాటి నాదానికి కాదు, అరుదుతనానికి. మోనోను, రీమిక్స్‌ను పక్కపక్కన పెట్టుకుని ‘షీజ్ లీవింగ్ హోమ్’ ఒక్కటీ రెండుసార్లు వింటే ఈ పుస్తకం మీ చేతికొచ్చినట్టే. రచయితకు కూడా ఒక మాట. మన పాత తెలుగు సినిమా పాటల మాస్టర్లు ఏ స్థితిలో ఉన్నాయో, క్యాసెట్ల కాలంలో వాటి మీద ఎవరు ఏ దరువు కలిపారో, ఇవాళ మనం వింటున్న ప్రతి ఏ చేతుల మీదుగా వచ్చిందో రాసినవాళ్ళు లేరు. ఆ పనికి కావలసిన చెవి, ఓపిక, నిజాయితీ నీకున్నాయని ఈ పుస్తకం రుజువు చేసింది. రెండో పుస్తకం అదే కావాలని ఆశీర్వదిస్తున్నాను. దానికి ముందుమాట రాసేపాటి ఆయుష్షు నాకు లేకపోతే, రాయగల సమర్థులు ఈ పుస్తకం చదివి తయారవుతారు.

శుభం.