అవ్వను అడిగే ప్రశ్న ఎవరు రాయాలి?

కథనో కవితనో విమర్శించడం మనకు అలవాటే. సర్వే ఫారాన్ని ఒక రచనగా చదివి విమర్శించే అలవాటు మాత్రం లేదు. అదీ రచనే కదా. దానికీ ఒక రచయిత ఉంటాడు, అతని ఊహలో ఎదుట కూర్చున్న మనిషి ఒకరుంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తాండాల్లో ముసలివాళ్ల బతుకు కథల్లోకి ఎక్కింది తక్కువ, ఫారాల్లోకి ఎక్కింది ఎక్కువ. పింఛనూ మందులూ ఆ ఫారాల మీదే నడుస్తాయి. అందుకే వాటిని చదవాలి.

ముసలితనంలో మతి ఎంత నిలిచిందో చూడటానికి లోకమంతా వాడిన పరీక్ష ఒకటుంది. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారు చేశారు. మొత్తం 30 మార్కులు. ఇవాళ తేదీ ఎంత, 100 లోంచి 7 తీసేస్తూ పో, కాగితం మీద ఉన్నది చదివి అట్లే చెయ్యి, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గీయి. బడి గడప తొక్కని సుగాలి అవ్వ ఇందులో చాలా చోట్ల ఆగిపోతుంది. ఆమె మతి పోలేదు. ఎవరికి ఎంత బాకీ ఉందో, ఏ మేక ఏ వానకు ఈనిందో చెప్పగలదు. తీజ్ పండుగలు లెక్కపెట్టి మనవడి వయసు చెప్పగలదు. పరీక్ష రాసినవాడి ఊహలో ఆమె లేదు, అంతే. మార్కులు తగ్గింది ఆమెకు, తప్పింది ప్రశ్న.

ఈ లోపాన్ని సరిదిద్దిన పని మన దేశంలోనే జరిగింది. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు ఆ పరీక్షను హిందీలోకి తెచ్చారు. మాటకు మాట పెట్టి ఊరుకోలేదు. చదివి కళ్లు మూసుకోమనే చోట ‘నా మొహం చూసి నేను చేసినట్టే చెయ్యి’ అన్నారు. వాక్యం రాయమనే చోట ‘మీ ఇంటి గురించి ఏదైనా చెప్పు’ అన్నారు. నా లెక్కలో ఇది మంచి అనువాదం. మాటను కాక మనిషిని చూసి చేసిన అనువాదం. మన తాండాల్లో ఇలాంటి పని జరగాలంటే గోర్ బోలి ఇంట్లో మాట్లాడుతూ పెరిగినవాళ్లు కావాలి. ఆ భాష ఎనిమిదో షెడ్యూలులో లేదు, తాండా పిల్లల నోట్లో మాత్రం ఉంది.

అడగాల్సినవి తక్కువేమీ లేవు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం మతి తప్పిన 648 మంది కేసులు పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. రెండుకు మించి భాషలు వస్తే అదనపు మేలేదీ కనబడలేదు. ఇది చదివినప్పుడు మన సరిహద్దు తాండాలు గుర్తు రాకుండా ఉండవు. ఇంట్లో గోర్ బోలి, సంతలో తెలుగు, బెంగుళూరు కూలి పనుల్లో కన్నడం. ఆ మూడో భాష పుస్తకంలోంచి రాలేదు, ఇటుకలు మోస్తూ నేర్చుకున్నది. అలా నేర్చిన భాషకూ అదే లెక్కా? పైగా నిమ్స్ కేసులు ఆసుపత్రి దాకా చేరినవాళ్లవి. చేరనివాళ్ల సంగతి తాండాలోనే తేలాలి.

సరిహద్దు అవతల కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో బెంగుళూరు ఐఐఎస్‌సీలోని మెదడు పరిశోధనా కేంద్రం 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకుంది. దేశం మొత్తానికి 72 వేల మందికి పైగా కలిసిన లాసీ సర్వే 2017-18లో జరిగింది. పెద్ద పనులే, కాదనను. కానీ 2011 జనాభా లెక్కల్లో ఎస్టీలు నూటికి నలుగురు కూడా లేని పాత అనంతపురం జిల్లాలో ఒక సుగాలి అవ్వ, ఒక ఎరుకల తాత అలాంటి సర్వేకు ఎంతమందిగా చిక్కుతారు?

చిక్కినా, ఏమని రాసుకుంటారు? కొడుకూ కోడలూ బెంగుళూరులో, అవ్వ దగ్గర ఇద్దరు మనవలు. ఫారంలో ‘కుటుంబంతో ఉంటున్నారు’ అనే గడిలో టిక్కు పడుతుంది. చూసుకోవాల్సిన మనిషి అని ఆమెను లెక్కేస్తారు. నీళ్లు మోసి, బువ్వ వండి, పిల్లల్ని బడికి తోలేది ఆమే. అన్నట్టు, మన అవ్వల అద్దాల రవికలు ఫొటో తీసుకోవడానికి వచ్చేవాళ్లు చాలామంది. కుట్టీ కుట్టీ చూపు ఎంత తగ్గిందని అడిగినవాళ్లు అరుదు.

ఇక అడిగేవాళ్ల సంగతి. మన రాష్ట్రంలో 2020-21 సిలబస్ నుంచి డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది అయ్యాక 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు తప్పనిసరి. ఊళ్లోకి వెళ్లాలి, ఇంటింటి సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి. కాగితం మీద ఇంత మంచి అవకాశం మరొకటి లేదు. నిజంలో చాలా చోట్ల అది జిరాక్సు షాపులో మొదలై బైండింగుతో ముగుస్తుంది. పాత రిపోర్టులో ఊరి పేరు మారుతుంది, అంతే. తప్పు పిల్లలదని అనను. ప్రశ్న తయారు చేయడం వాళ్లకు ఎవరు నేర్పారు? 2021లో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియం చేశారు. తాండా పిల్ల ఇంగ్లీషులో పాఠం విని, తెలుగులో అడిగి, గోర్ బోలిలో జవాబు విని, మళ్లీ ఇంగ్లీషులో రాయాలి. ఆ దారిలో ఏది జారిపోయిందో గమనించడమే అసలు పరిశోధన. దానికి మార్కులు లేవు.

చేయూత కూడా తలకిందులుగానే ఉంది. ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులున్నాయి గానీ అవి పీజీ దాటాకే. మన పిల్లలు ఆగిపోయేది డిగ్రీ దగ్గర. అప్పుడు ఇంట్లో అడిగేది యర్రమంచి కియా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరుకుతుందా అని. ముసలివాళ్ల మీద పరిశోధన ఒక ఉద్యోగమని ఎవరూ చెప్పలేదు. అమెరికాలో వృద్ధాప్య పరిశోధనకున్న జాతీయ సంస్థ, వెనకబడిన వర్గాల పిల్లలను డిగ్రీలోనే ఈ రంగంలోకి తేవడానికి నిధులిచ్చింది. 2025లో అక్కడి ప్రభుత్వం అలాంటి శిక్షణ పథకాలు చాలావాటికి కత్తెర వేసింది కాబట్టి వాళ్లనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మనకు దగ్గరి ఉదాహరణ తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగంలో పి.వి. రామమూర్తి, డి. జమున వృద్ధాప్య పరిశోధనను సీమ గడ్డ మీద ఎప్పుడో నిలబెట్టారు. ఆ చదువుకూ తాండా డిగ్రీ పిల్లకూ మధ్య బాట వేయాలి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, కేంద్రీయ విశ్వవిద్యాలయమూ వచ్చింది.

సర్వేలకు మన పిల్లల్ని రోజు కూలికి దుబాసీలుగా పిలవడం మాత్రం ఇక చాలు. 180 గంటల్లో వంద ఇళ్లు తిరగనక్కర్లేదు. ముగ్గురు అవ్వల దగ్గర కూర్చుంటే చాలు. ఫారంలో ప్రతి ప్రశ్న పక్కనా ఒక ఖాళీ అంచు వదలాలి. ఏ ప్రశ్నకు అవ్వ నవ్విందో, దేనికి మాట్లాడకుండా పొయ్యి వైపు చూసిందో, దేన్ని తన మాటల్లో మార్చి తిరిగి అడిగిందో అందులో రాయాలి. ఆ అంచుకు సగం మార్కులు ఇవ్వాలి.