నూరడుగులకు ఆరంగుళాలు

మొదటి రోజు మేస్త్రి గడ్డపార ముట్టనే లేదు. సంచిలోంచి చిటికెన వేలంత లావున్న తెల్లటి ప్లాస్టిక్ పైపు చుట్ట తీశాడు. దాన్నిండా నీళ్లు పట్టి, ఎక్కడా గాలి బుడగ మిగలకుండా వేలితో కొట్టుకుంటూ పైపు పొడుగునా నడిచాడు. ఒక కొస తను పట్టుకుని మందుల షాపు గోడ దగ్గర నిలబడ్డాడు. రెండో కొసతో కుర్రాడు వీధి మొగదలకు వెళ్లాడు. "తమ్మీ, కదలకు. నీళ్లు నిలవడనియ్యి" అన్నాడు. పైపులో నీళ్లు ఊగి ఊగి రెండు కొసల్లోనూ ఆగాయి. ఇక్కడ మేస్త్రి, అక్కడ కుర్రాడు గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. పదడుగులకు ఒక గీత చొప్పున, నూట ఇరవై అడుగుల పొడుగునా. రసమట్టం చేతిలో ఉన్నా ఇంత దూరానికి దాన్ని నమ్మడట. అది గజం పొడుగున్న పనికి సరిపోతుంది, వీధి పొడుగుకు నీళ్ల పైపే కావాలన్నాడు.

హైదరాబాద్ అడిక్‌మెట్‌లో మా మేనమామ వాళ్లకు చిన్న కాంప్లెక్స్ ఉంది. వీధిలోకి ఆరు మడిగెలు, పైన రెండంతస్తులు, కింద సెల్లార్. గట్టి వాన పడితే ఆరుగురు దుకాణదారులూ షట్టర్ల కింద గోనె సంచులు కుక్కుకుని కూర్చోవాల్సిందే. సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. జిరాక్స్ షాపతను కాగితం బండిళ్లను టేబుళ్ల మీదికి ఎత్తుకుంటూ గడిపిన రాత్రులు నేను చూశాను. ఈసారి వేసవిలో పాత డ్రెయిన్ తవ్వేసి కొత్తది కట్టించారు. ఆ మూడు వారాలూ నేను రోజూ వెళ్లి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. పని పూర్తయ్యాక అందులో పదో వంతు కూడా పైకి కనబడదు. అందుకే చూసినంతా రాయాలనిపించింది.

పాత డ్రెయిన్ కనబడటానికి బాగానే ఉండేది. నున్నటి సిమెంటు మూతలు, అంచులకు పసుపు రంగు. మూతలు లేపాక అసలు సంగతి బయటపడింది. అడుగు బల్లపరుపుగా ఉంది. మధ్యలో ఒక చోట రెండంగుళాలు పైకి లేచింది కూడా. అంటే సగం నీళ్లు వీధి వైపు కాకుండా వెనక్కి, సెల్లార్ ర్యాంపు మీదికి వచ్చేవన్న మాట. పైగా మేడ మీది వాన నీటి గొట్టాలను తెచ్చి మురుగు మ్యాన్‌హోల్‌లో కలిపారు. జలమండలి మురుగు లైను ఇళ్లలోంచి వచ్చే నీటికి లెక్కగట్టి వేసింది. అందులోకి మేడ మీది వాన దింపితే మ్యాన్‌హోల్ మూత పొంగుతుంది, ఆ మురుగే వీధిలోకి వస్తుంది. మా వాళ్లు ఇన్నేళ్లూ వాన నీళ్లనుకుని ఎత్తిపోసిన దాంట్లో సగం అదే.

ఎన్ని నీళ్లు వస్తాయో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు గజాల స్థలమంటే 836 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 41,800 లీటర్లు. ఐదు వేల లీటర్ల జలమండలి ట్యాంకర్లు ఎనిమిదింటిని గంటలోపు ఆ ముంగిట్లో బోర్లించినట్టు. మట్టి నేలైతే కొంత తాగుతుంది. సిమెంటు, గ్రానైటు పరిచిన వాణిజ్య స్థలంలో పదింట తొమ్మిది వంతులు పారవలసిందే. సెకనుకు పది లీటర్ల పైచిలుకు. 300 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపుకు రెండు వందలకు ఒకటి చొప్పున వాలు ఇస్తే సెకనుకు అరవై లీటర్లకు పైగా మోస్తుంది. ఇంత చిన్న జాగాకు అంత పెద్ద పైపు ఎందుకని అడిగాను. "చిన్నది పెడితే నీళ్లు పోతయ్ సార్. పూడిక తీసేటందుకు మనిషి చెయ్యి పోదు" అన్నాడు మేస్త్రి. వాలు విషయమూ అంతే. తక్కువైతే నీళ్లు పోతాయి కానీ ఇసుకను మోసుకుపోవు. సెకనుకు కనీసం అరవై సెంటీమీటర్ల వేగం ఉంటేనే పైపు తనను తాను కడుక్కుంటుందని ఇంజనీర్లు అంటారు. మేస్త్రి నోట అదే మాట మరోలా వచ్చింది: నూరడుగులకు ఆరంగుళాలు పడాలె.

పడాలె సరే, ఎక్కడికి పడాలి? ఈ ప్రశ్నకు జవాబు కాంప్లెక్స్ గోడల మధ్య దొరకదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ నిండితే మత్తడి దుంకి కిందికి వచ్చే నీరు దోమలగూడ, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీని చేరుతుంది. మనం నాలా అని ముక్కు మూసుకునేది నిజానికి ఆ చెరువు మత్తడి వాగు. చుట్టుపక్కల పేర్లలోనే నీటి జాడ ఉంది. నల్లకుంట, అడిక్‌మెట్ పక్కనే నాగమయ్య కుంట, అంబర్‌పేటలో బతుకమ్మ కుంట. బతుకమ్మ కుంటను 2025లో ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వి మళ్లీ నీళ్లు నిలిపింది. మిగతా చాలా కుంటలు పేర్లుగానే మిగిలాయి. వాన పడితే మాత్రం నీరు తన పాత చిరునామాకే వస్తుంది. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు అశోక్‌నగర్, దోమలగూడ ఇళ్లలోకి నాలా వచ్చేసింది. 2020 అక్టోబర్ 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. దాని తర్వాతే, 2021లో, నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. హుస్సేన్‌సాగర్ నాలాకు రక్షణ గోడల పని చేపట్టారు. 1908 మూసీ వరద తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరద నివారణతో పాటు నగరం డ్రైనేజీకీ పథకం రాశారు. ఈ ఊళ్లో ఆ రెండు సమస్యలనూ నూరేళ్ల కిందటే ఆయన కలిపి పట్టించుకున్నారు.

అందుకే మా మేస్త్రి రెండో రోజంతా మా స్థలంలో కాదు, పెద్ద రోడ్డు మీది మున్సిపల్ డ్రెయిన్ దగ్గర గడిపాడు. మూత తీయించి, టార్చి వేసి, లోపలి గోడ మీద పోయినేడు వానలు వదిలిన చారను వెతికాడు. అడుగు నుంచి ఆ చార దాకా టేపు పెట్టి కొలిచాడు. మా పైపు కొస ఆ చార కంటే పైన ఉండాలన్నది అతని పట్టు. నాలుగంగుళాలు తక్కువ పడుతోంది. పైపును అంతకు మించి లేపితే వాలు పోతుంది. గంట సేపు గోడ మీది గీతలూ, టేపూ చూసుకుంటూ కూర్చుని, చివరికి కొసన రోడ్డు వైపు మాత్రమే తెరుచుకునే రబ్బరు తలుపు పెట్టాలని తేల్చాడు. రోడ్డు డ్రెయిన్ పొంగితే ఆ తలుపు తనంతట తనే మూసుకుంటుంది.

తవ్వకానికి వచ్చిన వాళ్లంతా పాలమూరు వాళ్లు. ఈ దేశంలో ఎన్ని ప్రాజెక్టుల మట్టి పాలమూరు కూలీల తట్టల్లో లేచిందో లెక్క లేదు. వీళ్ల చేతిలో గడ్డపార పడే తీరు వేరు. అడుగు లోతు దాటగానే మొరం తగిలింది. దాన్ని అవసరానికి మించి ఒక్క అంగుళం కూడా తవ్వనివ్వలేదు మేస్త్రి. ఎక్కువ తవ్వి మళ్లీ మట్టి పోసి సదరితే రెండేళ్లకు అది కుంగుతుంది, పైన పైపూ కుంగుతుంది. కదలని నేల మీదే పైపు కూర్చోవాలి.

పైపులు దించే పని ఎగువ నుంచి మొదలవుతుందనుకున్నాను. వీళ్లు రోడ్డు వైపు, అంటే దిగువ కొస నుంచి మొదలుపెట్టారు. పోవలసిన చోటు ముందు ఖాయమైతే వెనకవన్నీ దాని మీద ఒకటొకటిగా కూర్చుంటాయి. ప్రతి పైపు నోరూ ఎగువకే. "నీళ్లు ఒక పైపులకెళ్లి ఇంకో పైపుల దిగాలె సార్, ఎక్కొద్దు" అంటూ మేస్త్రి తన రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి పెట్టి చూపించాడు. ఈ పైపులకు పేరిచ్చిన వాల్టర్ హ్యూమ్ ఆస్ట్రేలియావాడు. అచ్చును గిరగిరా తిప్పి కాంక్రీటును గోడకు గట్టిగా అంటించే పద్ధతిని 1910లో కనిపెట్టాడు. ఆ గిరగిరల వల్లే పైపు లోపలి గోడ అంత నున్నగా ఉంటుంది.

ఒక చిన్న పని నా కంట్లో నిలిచిపోయింది. పైపు నోటి దగ్గర కాలర్ లావుగా ఉంటుంది కదా. చదునైన నేల మీద పెడితే బరువంతా ఆ కాలర్ల మీదే పడి మధ్యలో పైపు గాల్లో తేలుతుంది. పైన వ్యాన్ వెళ్తే విరుగుతుంది. అందుకని ప్రతి కాలర్ వచ్చే చోటా ఒకామె చిన్న గడ్డపారతో గిన్నెంత గుంట చేసింది. పైపు దించాక కింద చెయ్యి దూర్చి, ఒళ్లంతా నేలకు ఆనిందో లేదో తడిమి చూసింది. ఆనని చోట తడి ఇసుక కూరింది. పదిహేను పైపులకూ పదిహేను గుంటలు, పదిహేను సార్లు చెయ్యి దూర్చడం. ఏ ఒక్కటీ వదల్లేదు. తర్వాత అరడుగు మందాన మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టడం. మళ్లీ అరడుగు, మళ్లీ దిమ్మిస. ఒకేసారి గుంట నింపేస్తే పని ఒక్క పూటలో అయిపోయేది. వీళ్లు మూడు రోజులు తీసుకున్నారు.

నేను ఎక్కువ సేపు చూసింది చాంబర్ల లోపలి పనే. పైపు మలుపు తిరిగే చోటల్లా ఒక చాంబర్. మామూలుగా దాని అడుగున చదునుగా సిమెంటు పోసి వదిలేస్తారు. అప్పుడు నీళ్లు విడిపోయి, వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించుతాయి. మేస్త్రి ఒక పీవీసీ పైపును నిలువునా సగానికి కోయించి, ఆ దోనెను పచ్చి సిమెంటులో ఒత్తి, లోపలికి వచ్చే పైపుకూ బయటికి పోయే పైపుకూ మధ్య వంపు తిరిగిన చిన్న కాలువ తీశాడు. రెండు పక్కలా గట్లను కాలువలోకి ఒరిగేలా సదరాడు. వంపు దగ్గర మూల అనేది లేకుండా బొటనవేలితో రుద్దాడు. అప్పుడు చాంబర్‌లో గొంతుక్కూర్చుని, తాపీ వెనక భాగంతో, పలచటి సిమెంటు పాలు అద్దుకుంటూ నునుపు పట్టాడు. కింది నుంచి పైకి ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్లీ కింది నుంచి. మధ్యమధ్యలో తాపీ పక్కన పెట్టి అరచెయ్యి వేసి చూసుకునేవాడు. కంటికి నున్నగా కనబడిన చోట అతని చేతికి ఏదో గరుకు తగిలేది. ఒక్కో చాంబర్‌కు రెండున్నర గంటలు. చివరికి దాని మీద ఇనుప మూత పడింది. పూడిక తీయడానికి వచ్చే మనిషి తప్ప ఆ నునుపు ఇంకెవరికీ కనబడదు. పని మీద ఇంత గౌరవం ఉన్న మనిషిని నేను చాలా రోజుల తర్వాత చూశాను.

సెల్లార్ ర్యాంపు దగ్గర మాత్రం మాటలు పెరిగాయి. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే తొమ్మిదంగుళాలు ఎత్తుగా మెట్ట కట్టాలన్నాడు మేస్త్రి. కార్లు కింద తగులుతాయని మా మామయ్య ఒప్పుకోలేదు. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ మాట నేనే ఎత్తాను. మనకు దగ్గర్లోని అశోక్‌నగర్ అంతా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలే, స్టడీ హాళ్లే. సెల్లార్‌లోకి నీళ్లు రావడం అంటే బండిళ్లు తడవడం ఒక్కటే కాదని అప్పటి నుంచీ నాకు భయం. మామయ్య ఇంకేం అనలేదు. మెట్టకు రెండు వైపులా పొడుగ్గా వాలు ఇచ్చి కార్లకు తగలకుండా చేశారు. ర్యాంపు అడుగున అడ్డంగా జాలీ వేసిన కాలువ, అక్కడి నుంచి సంపు, సంపులో రెండు మోటార్లు. ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. మేడ మీది గొట్టాలను మురుగు లైను నుంచి తెంపి, ఇంకుడు గుంత మీదుగా కొత్త పైపుకు కలిపారు.

మూతలు వేయకముందు పరీక్ష. ట్యాంకర్ తెప్పించి ఎగువ చాంబర్‌లోకి నీళ్లు వదిలారు. మేస్త్రి ఒక సంచి రంపపు పొట్టు తెచ్చాడు. గుప్పెడు గుప్పెడుగా నీటిలో చల్లి, మొదటి చాంబర్ నుంచి చివరి దాకా నడుస్తూ, ప్రతి చోటా వంగి చూశాడు. ముంగిట్లోని మూత కాలువలో ఒక చోట మాత్రం పొట్టు ఆగి, అరచేతి వెడల్పున గుండ్రంగా తిరిగింది. నీళ్లు తగ్గాక అక్కడ ఒక గవ్వంత తడి మిగిలింది. నాకు అదొక లోపంగానే అనిపించలేదు. మేస్త్రి సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టాడు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆ రెండడుగుల మేర ఉలితో కొట్టేసి, కొత్త సిమెంటు పట్టి, దాని మీద తడి గోనె కప్పి ఉంది. అదనంగా కూలి అడగలేదు.

జూన్ రెండో వారంలో ఒక రాత్రి వాన గట్టిగా పడింది. తెల్లారి వెళ్లాను. జిరాక్స్ షాపులో బండిళ్లు నేల మీదే ఉన్నాయి. వాచ్‌మన్ చెత్త ఆగే క్యాచ్‌పిట్ జాలీ తీసి, అడుగున పేరుకున్నది తట్టలోకి ఎత్తుతున్నాడు. ఇసుక, టీ కప్పులు, పెన్ను మూత ఒకటి, తడిసిన హాల్ టికెట్ ముక్క, వేపాకు. రెండు తట్టలైంది. పక్క చాంబర్ మూత లేపి చూపించమన్నాను. లోపల మేస్త్రి బొటనవేలితో రుద్దిన వంపులో, కాలువ మధ్యలో, వేలెడు వెడల్పున నీళ్లు ఇంకా రోడ్డు వైపు పోతూనే ఉన్నాయి. గట్ల మీద ఇసుక రేణువు లేదు.