ఏ ప్రశ్నకు ఏ పుల్ల?

ఈ వారం ఈ కాలమిస్టుకు ఒళ్లు మండించింది ఒక మొబైల్ యాప్. చైనా జోస్యమంతా ఒక్క మీటలో కుక్కారు. పెళ్లి కుదురుతుందా అన్నా, పోయిన తాళంచెవి దొరుకుతుందా అన్నా మూడు నాణేలు గిర్రున తిరుగుతాయి. ప్రాచీన జోస్య గ్రంథం ఐ చింగ్‌లోని 64 ఆరు గీతల బొమ్మల్లో ఒకటి తెర మీద పడుతుంది. పనిని బట్టి పనిముట్టు ఉండాలన్నది ఈ కాలమ్ పాత పాట. పాఠకులు విని విని విసిగే ఉంటారు.

చైనావాళ్లకు ఆ పట్టింపు ఉంది. పెళ్లి మాటల్లో పుట్టిన ఏడాది, నెల, రోజు, గంటలతో 'బాజీ' జాతకం వేసి పొంతన చూస్తారు. దేవుడి చేత ఔనో కాదో అనిపించుకోవాలంటే తైవాన్ గుళ్లలో నెలవంక ఆకారపు చెక్కలు రెండు నేల మీద వేస్తారు. ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా పైకి తిరిగితే ఔను. రెండూ చదును వైపే చూపిస్తే దేవుడు నవ్వాడని అర్థం! హాంకాంగ్ వాంగ్ తాయ్ సిన్ గుడిలోనైతే 100 పుల్లలున్న గొట్టాన్ని ఒకటి జారిపడేదాకా ఊపాలి. ఐ చింగ్‌కు పాత పద్ధతి యారో మొక్క కాడలు. 50 తీసుకుని, ఒకటి పక్కనపెట్టి, 49తో లెక్క. నాణేలు తర్వాత వచ్చిన అడ్డదారి. పనిముట్టు మారితే లెక్కా మారుతుంది: ఎదుటి రకం గీతగా మారబోయే యిన్ (విరిగిన) గీత కాడలతో 16లో 1 వంతు వస్తే, నాణేలతో 8లో 1 వంతు వస్తుంది.

ఇన్ని పనిముట్లుంటే చిక్కూ ఉంది. 'జువో ఝువాన్' అనే ప్రాచీన చైనా చరిత్ర గ్రంథంలో జిన్ రాజ్యాధిపతి షియాన్ కథ ఉంది. లీ జీ అనే ఉంపుడుగత్తెను పట్టపురాణి చేయాలని ఆయన ముచ్చట. తాబేలు చిప్పను కాల్చి చూస్తే చెడు అంది. కాడలు మంచిదన్నాయి. కాడల మాటే వింటానన్నాడు రాజు. తాబేలుదే పెద్దమాట అని జోస్యుడు మొత్తుకున్నా చెవిన పెట్టలేదు. క్రీ.పూ. 656లో ఆమె పన్నిన కుట్రకు యువరాజు షెన్‌షెంగ్ ఉరి వేసుకున్నాడు. తమ్ముడు చోంగ్ అర్ పారిపోయి 19 ఏళ్లు పరాయి రాజ్యాల్లో తిరిగాడు.

రాజుకు పనిముట్లు తక్కువై కాదు, ఎక్కువై చేటు వచ్చింది. రెండు జవాబుల్లో నచ్చినది ఏరుకున్నాడు. ఒకే సంగతికి చిప్ప, కాడలు ఒకదాని వెంట ఒకటి వాడకూడదని, మూడుసార్లకు మించి అడగకూడదని 'లీ జీ' అనే ఆచార గ్రంథం (రాణికీ దీనికీ సంబంధం లేదు) అందుకే కట్టడి చేసి ఉంటుంది. ఆ లెక్కన యాప్‌లో ఒక్క పద్ధతే ఉండటం నయం.

తైవాన్ గుళ్లలో మాత్రం పుల్లలు, చెక్కలు రెండూ ఒకే ప్రశ్నకు వాడతారు, కానీ తెలివిగా. పుల్ల తీశాక, దాని అంకెకు జవాబుగా ఉండే పద్యం చదవకముందే, ఈ పుల్లేనా అని చెక్కలతో అడుగుతారు. చాలాచోట్ల వరుసగా మూడు ఔనులు పడాలి. చెక్కలు సగంసార్లు ఔనంటాయనుకుంటే ఒక పుల్ల నిలబడే అవకాశం 8లో 1. షియాన్‌కు అంత ఓపిక ఉండేదా అన్నది అనుమానమే.