ఊదారంగు దీపం కింద లెట్యూస్

ఈ వారం మా చెల్లెలి కూతురు తన ఫ్లాటుకు భోజనానికి పిలిచింది. వంటింటి పక్క అలమరలో ఊదారంగు దీపాలు, వాటి కింద వరసగా లెట్యూస్ మొక్కలు. "ఎండతో పనే లేదు పెద్దమ్మా, రోజూ సలాడే" అంది. ఆ వెలుగులో ఆకులు నల్లగా, తెగులు పట్టినట్టు కనిపించాయి. నాకు మనసొప్పలేదు. ఎండ తగలని ఆకుకూర ఆకుకూరే కాదని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

ముందు ఆ రంగు సంగతి. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకని ఆ రెండు రంగుల ఎల్ఈడీలతోనే సరిపెట్టి కరెంటు మిగుల్చుకోవాలని చూశారు. ఆకుపచ్చ కాంతి మొక్కకు దండగ అన్న ప్రచారం మాత్రం తప్పు. అది పై ఆకులను దాటి కింది ఆకుల దాకా చేరి అక్కడ పని చేస్తుంది. అంతరిక్ష కేంద్రంలో నాసా ఏర్పాటు చేసిన 'వెజీ' తోటలో ఆకు చూడగానే తినాలనిపించేలా ఆకుపచ్చ దీపాలు కూడా పెట్టారు. 2015 ఆగస్టు 10న వ్యోమగాములు అక్కడ పెరిగిన ఎర్ర లెట్యూస్ తిన్నారు. ఆ ఎరుపు ఆంథోసయనిన్ వల్ల వస్తుంది. నీలం కాంతి తగ్గితే ఆ రంగు సరిగా పట్టదు, మొక్క కూడా సాగిపోతుంది.

నా అసలు భయం నైట్రేట్ గురించి. వేరు లాగిన నైట్రేట్‌ను మొక్క ప్రొటీన్‌గా మార్చుకోవాలంటే వెలుగు కావాలి. చాలకపోతే అది ఆకులోనే పోగుపడుతుంది. యూరప్ చట్టాలు చలికాలపు గ్రీన్‌హౌస్ లెట్యూస్‌లో కిలోకు 5000 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటాయి, వేసవిలో ఆరుబయట పెరిగినదానికి మాత్రం 3000 దాటనివ్వవు. మసక వెలుతురులో విటమిన్ సి కూడా తగ్గుతుంది.

పెరిగేటప్పుడే కాదు, కోసే వేళకూ వెలుగుతో లంకె ఉంది. మా అమ్మ పొద్దుగూకాక మొక్క మీద చెయ్యి వేయనిచ్చేది కాదు, చెట్లు నిద్రపోతాయనేది. మర్నాటి పప్పులోకి కావాల్సిన తోటకూరైనా చుక్కకూరైనా దీపాలు పెట్టకముందే, నీరెండలో కోసేది. మట్టి దులిపి, తడి గుడ్డలో చుట్టి, వంటింటి గోడవారగా నీళ్ల బిందె పక్కన పెట్టేది. మా ఇంట్లో అప్పుడు ఫ్రిజ్ లేదు. తెల్లారి విప్పితే ఆకు నిగనిగలాడుతూ ఉండేది. పొద్దున్నే మంచులో కోస్తే ఇంకా తాజాగా ఉంటుంది కదా అని మా అత్తయ్య వాదించేది. అమ్మ వినేది కాదు. ఈ విషయంలో అమ్మదే గెలుపు. పగలంతా ఆకు చక్కెరలు కూడబెట్టుకుని రాత్రి ఖర్చు పెట్టుకుంటుంది. సాయంత్రం కోసిన లెట్యూస్ ఉదయం కోసినదానికన్నా ఎక్కువ రోజులు నిలుస్తుందని పరిశోధనల్లోనూ తేలింది.

కోసిన తర్వాత కూడా వెలుగుతో ఆకుకు పని ఉంటుంది. 2010లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు స్పినాచ్‌ను దుకాణాల్లోలాగే చల్లగా ఉంచి, కొంత దీపాల కింద, కొంత చీకట్లో పెట్టారు. మూడు రోజులకే దీపాల కింది ఆకులో విటమిన్ సి, కె, ఇ, ఫోలేట్ చీకట్లో ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించాయి. అక్కడ ఎండ లేదు, ఉన్నది దుకాణం దీపమే. ఇది చదివాక మా చెల్లెలి కూతురి అలమరను నేను కొట్టిపారేయలేను. ఆకును పాడుచేసేది చాలీచాలని వెలుగు, చీకటి సంచిలో గడిపే రోజులు. ఎక్కడినుంచో లారీలో వచ్చి ఫ్రిజ్‌లో మగ్గిన లెట్యూస్ కన్నా, సరిపడా దీపం కింద పెరిగి అప్పటికప్పుడు కోసి పళ్లెంలో పెట్టిన ఆకే మేలు. పైగా లెట్యూస్ చలి పంట. మన మే నెల ఎండకు అది పూకాడ వేసి చేదెక్కుతుంది.

తోటకూర దారి వేరు, అది మండే ఎండను వాడుకోవడానికే పుట్టిన మొక్క. కాబట్టి దీపం కొనేవారు రంగు చూసి మోసపోకండి, తెల్లని దీపమైనా వెలుగు చాలినంత ఉందా అని అడగండి. దాని కింద లెట్యూస్ పెంచుకోండి. తోటకూర కుండీని మాత్రం మిద్దె మీద పెట్టి, సాయంత్రం కోయండి.