పాలలో ఉడికినదీ, నీళ్లలో ఉడికినదీ

ధనుర్మాసంలో వైష్ణవాలయాలకు వెళ్లేవాళ్ల దొన్నెలో పడే తీపి ప్రసాదాల్లో రెండు దగ్గర చుట్టాలున్నాయి. తరచుగా దొరికేది చక్కెర పొంగలి. ఇరవై ఏడో రోజు, కూడారై నాడు పెట్టేది అక్కారవడిసల్; మన గుళ్లలో దాన్ని క్షీరాన్నమనో పాయసమనో అంటారు. రెండింటికీ సరుకులు ఇంచుమించు అవే: బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి, యాలకులు, చిటికెడు పచ్చకర్పూరం. దాంతో రెండోది పాలు పోసిన పొంగలేనని తేల్చేసేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో వీటి తేడా పాలలో కన్నా పెసరపప్పులో ఉంది. పొంగలిలో పప్పు తన ఉనికి చాటుకోవాలి. అక్కారవడిసల్‌లో అది ఉందని నాలుకకు తెలియకూడదు.

పుట్టుపూర్వోత్తరాల్లో అక్కారవడిసల్‌దే పైచేయి. మనకు ‘ఆముక్తమాల్యద’ కథానాయికగా తెలిసిన గోదాదేవి తన ‘నాచ్చియార్ తిరుమొళి’లో మదురై దగ్గరి తిరుమాలిరుంశోలై స్వామికి నూరు కుండల వెన్న, నూరు కుండల అక్కారవడిసల్ మొక్కుకుంది. తర్వాతి కాలంలో రామానుజులు ఆ మొక్కు తీర్చారనీ, శ్రీవిల్లిపుత్తూరు వచ్చిన ఆయన్ను గోదాదేవి ‘అన్నా’ అని పిలిచిందనీ సంప్రదాయం. ఆమెదే అయిన ‘తిరుప్పావై’ ముప్పై పాశురాల్లో ఇరవై ఏడోది, వ్రతం ముగిశాక తినే పాలబువ్వలో మోచేతి దాకా కారేంత నెయ్యి ఉండాలంటుంది. అక్కారవడిసల్‌కు అదే కొలత. పొంగలికి ఇలా ఒక కవయిత్రి పూచీ లేదు. దానికి గుళ్లలో దిట్టం ఉంది, సంక్రాంతి నాటి వాకిట్లో పొంగే కుండ ఉంది. తిరుమల పోటులో, అంటే గుడి వంటశాలలో, ఏ సరుకు ఎంత పడాలో దిట్టమే చెబుతుంది. అదృష్టవశాత్తూ రుచి విషయంలో వంశం గొప్ప కాదు, వండిన తీరే గొప్ప.

ఆ తీరు చూద్దాం. పొంగలికి గ్లాసు బియ్యానికి అర గ్లాసు పప్పు, కొందరిళ్లలో పావు గ్లాసు. పప్పును దోరగా, కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. అయిదారు గ్లాసుల ఎసట్లో బియ్యమూ పప్పూ వేలితో నొక్కితే చిదిమిపోయేలా ఉడకాలి. బెల్లం ఆ తర్వాతే. తీపి పడ్డాక గింజ ఇక మెత్తబడదు. అప్పటికి పలుకు మిగిలితే అది చివరిదాకా పలుకే. రెండు గ్లాసుల బెల్లాన్ని కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి పోసి, ముప్పావు గ్లాసు నెయ్యిని విడతలు విడతలుగా వేస్తూ తిప్పుతారు. ముద్ద గిన్నె అంచులు వదిలి, పైన నెయ్యి తేలి మెరిసినప్పుడు దించుతారు. దొన్నెలో పెట్టిన పొంగలిని దగ్గరగా చూడండి. బియ్యం రూపు పోయినా అక్కడక్కడా పసుప్పచ్చని పప్పుబద్ద సగం చితికి కనిపిస్తుంది. వేయించిన వాసనంతా దానిలోనే ఉంటుంది. జీడిపప్పు, కొబ్బరి ముక్కలు పంటికింద పడతాయి. ఇది నమిలి తినే తీపి.

అక్కారవడిసల్‌లో గ్లాసు బియ్యానికి పప్పు రెండు చెంచాలే. పాలు మాత్రం పది గ్లాసులు, నెయ్యి గ్లాసు దాకా. పాతకాలం తమిళ ఇళ్లలో కంచు గిన్నెలో, సన్న సెగ మీద, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ వండేవారు. గిన్నె గోడకు కట్టే మీగడను గరిటెతో గీకి మళ్లీ లోపలికి తోస్తూ ఉండాలి. గీకకపోతే ఎండి మాడుతుంది, గీకితే కోవా రుచి ఇస్తుంది. బియ్యమూ పప్పూ పాలలో కరిగి ఏది ఏదో తెలియకుండా పోతాయి. ఇక్కడ బెల్లంతో ఇంకో గండం: వేడి పాలలో పడితే విరిగే ప్రమాదం. అందుకే పాలు పూర్తిగా ఇంకాక, గిన్నె దించి, కాస్త చల్లారిన పాకం కలుపుతారు. చివరికి అది గరిటెజారుగా ఉండాలి. పొంగలికి ముద్ద కట్టడం సుగుణం, దీనికి అదే లోపం.

ఈ రెండింటిలో ఏది కష్టమంటే అందరూ అక్కారవడిసల్ వైపే చూపిస్తారు. దగ్గరుండి తిప్పాల్సిన సమయం లెక్కేస్తే నిజమే. అడుగంటిందా, ఆ మాడు వాసన గిన్నెంతా పాకుతుంది. పాలు దాన్ని దాచలేవు. కానీ తక్కిన తప్పులన్నీ పాలు దాచేస్తాయి. బియ్యం కాస్త పాతదైనా, బెల్లం నాసిదైనా, మీగడా నెయ్యీ కలిసి కప్పిపుచ్చుతాయి. నీళ్లలో ఉడికే పొంగలికి ఆ ముసుగు లేదు. పప్పు వేగకపోతే పచ్చివాసన, బెల్లం ఉప్పగా ఉంటే ఉప్పదనం, పచ్చకర్పూరం రవ్వంత ఎక్కువైతే చేదు, అన్నీ మొదటి ముద్దలోనే బయటపడతాయి. అక్కారవడిసల్ వంటవాళ్ల ఓపికకు పరీక్ష. పొంగలి చేతి అంచనాకు పరీక్ష. ఓపిక ఎవరైనా తెచ్చుకోవచ్చు. అంచనా చాలాసార్లు వండితేనే పట్టుబడుతుంది.

ఇంకో తేడా పంపకంలో. పొద్దున చేసిన పొంగలి చల్లారాక గట్టిపడుతుందేమో గానీ సాయంత్రానికీ బాగానే ఉంటుంది. వందల మందికి ఆకుదొన్నెల్లో పెట్టడానికి అది పనికొచ్చేది అందుకే. అక్కారవడిసల్ గంటలో బిగిసిపోతుంది, మళ్లీ వేడి పాలు పోసి సడలించాలి. అది వేడిగా, కూర్చుని, కొద్దిమంది తినాల్సింది. దాన్ని 108 గిన్నెల్లో నివేదించే గుళ్లలో వంటశాల పడే హడావిడి అంతా ఆ వేళ తప్పకూడదనే.

ఇప్పుడు ప్రెషర్ కుక్కరు ఈ రెండింటి మధ్య గట్టు చెరిపేస్తోంది. పాలు పొంగి విజిల్లోంచి చిమ్ముతాయని సగం నీళ్లు, సగం పాలు పోస్తారు. పప్పు వేయించకుండానే వేస్తారు. మూడు విజిళ్లయ్యాక బెల్లం తరుగు, రుచి చాలకపోతే కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా. పుట్టేది ఒకే మెత్తని తీపి ముద్ద; దాన్ని ఏ పేరుతో పిలిచినా ఒకటే. కుక్కరు మీద నాకు పగ లేదు. పొంగలికి బియ్యం, పప్పు అందులో హాయిగా ఉడుకుతాయి, ఆ తర్వాతి పని గిన్నెలో జరిగితే చాలు. అక్కారవడిసల్‌కే అది బొత్తిగా పనికిరాదు. మూత పెట్టి వండితే పాలు ఇంకవు, ఇంకకపోతే ఆ వంటకమే లేదు.

కాబట్టి తీర్పు చెప్పమంటే నెయ్యి, పాలు ఎన్ని పోశారన్నది నేను చూడను. అక్కారవడిసల్‌లో పప్పు పంటికి తగిలితే వంట తొందరపడిందని అర్థం. పొంగలిలో పప్పు వాసన రాకపోతే వంట బద్ధకించిందని అర్థం. ఆ లోటు తీర్చడానికి పొంగలిలో గ్లాసు పాలు పోసి ‘రిచ్‌గా ఉంది’ అని మురిసేవాళ్లు ముందు పప్పు వేయించడం నేర్చుకుంటే మేలు.