బొలెరో ఎంత దూరంలో ఆగుతుంది?

బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో మొదలైన రోల్‌ప్లేయింగ్ ఆటల పద్ధతి ఇదే. నేను కత్తులూ రాకాసులూ పక్కన పెట్టి, కథను మా ఊరి దారి మీదికి తెచ్చుకున్నాను. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, బైర్లూటి మీదుగా నల్లమల ఘాట్‌లోకి పోయే దారి అది. దాని మీద ఒక బండిని ఇంకో బండి తరమాలి. తరమాలంటే అంకెలు కావాలి.

ఆట పుస్తకాల్లో అంకెలు లేక కాదు. ‘గర్ప్స్’లో ఒక్కో విడత ఒక్క సెకను. కారు సెకనుకు ఎంత వేగం పుంజుకుంటుంది, గరిష్ఠంగా ఎన్ని గజాలు పోతుంది అని రెండంకెలు ఇస్తారు. 1983 నాటి ‘జేమ్స్ బాండ్ 007’ ఆటలో తరిమేవాడూ పారిపోయేవాడూ ఎంత ప్రమాదానికి తెగిస్తారో వేలం పాడతారు. ప్రతి కారుకూ ఒక గీత ఉంటుంది, పాట ఆ గీత దాటితే బండి అదుపు తప్పే గండం మొదలవుతుంది. ఈ ఆలోచన నాకెంతో ఇష్టం. అయితే ఆ కార్లు వేరు, ఆ రోడ్లు వేరు. మా దారిలో పోయేది బొలెరో, స్విఫ్ట్, తుఫాన్.

కంపెనీ కరపత్రం చూస్తే బొలెరోకు 75 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. ఆటకు ఇవి చాలవు. ఆటోకార్ ఇండియా లాంటి పత్రికలు పరికరాలు పెట్టి కొలిచే అంకెలు ఇంతకంటే పనికొస్తాయి: మూడో గేరులో 20 నుంచి 80కి ఎన్ని సెకన్లు, నాలుగో గేరులో 40 నుంచి 100కి ఎన్ని, 80 మీద బ్రేకు తొక్కితే ఎన్ని మీటర్లు. గరిష్ఠ వేగం కోసం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, అది అన్నిటికన్నా తక్కువ అవసరమైన అంకె. మొక్కజొన్న ఆరబోసిన రోడ్డు మీద దాన్ని ఎవరూ అందుకోరు.

బస్టాండు దగ్గర ఒక జీపు డ్రైవరు నాతో అన్న మాట: “ఎంత స్పీడు పోతాదని కాదన్నా, ఎంతమంది ఎక్కినారని అడగల్ల.” లెక్క వేస్తే ఆయన మాటే నిలిచింది. ఖాళీ బొలెరో దాదాపు 1,600 కిలోలు. మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురు ఎక్కితే 455 కిలోలు కలుస్తాయి. ఇంజను అదే కాబట్టి పికప్ ఐదో వంతుకు పైగా పడిపోతుంది. స్విఫ్ట్‌లో ఒక్కడే ఉంటే కథ ఇంకో రకం.

ఇప్పుడు ముందు ఒక లారీ 50లో పోతోంది. మన బండి 50 నుంచి 80కి చేరుతూ దాన్ని దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టిందనుకుందాం. ఈలోగా మనం సుమారు 145 మీటర్లు పోతాం. ఎదురుగా 60లో వచ్చే బస్సు 133 మీటర్లు వస్తుంది. అంటే 280 మీటర్లు ఖాళీగా కనబడాలి. ఘాట్ మలుపుల్లో అంత దూరం ఎక్కడ కనబడుతుంది? పాచికలు చేతిలో పట్టుకుని ఆటగాడు ఆలోచించాల్సింది ఇక్కడే, ఉత్కంఠ అంతా ఇక్కడే ఉంది.

బ్రేకుదీ అంతే. 80 అంటే సెకనుకు 22 మీటర్లు. కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఒక సెకను పోతుంది. ఆపైన మంచి పొడి తారు మీద 36 మీటర్లు, వాన పడి పట్టు సగానికి తగ్గితే 70 దాటుతుంది. తారు దిగి తడిసిన నల్లరేగడిలోకి చక్రం జారిందా, నేను పాచిక కూడా వేయనివ్వను.

1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక సీమ అంటే సుమోల వరసే అన్నట్టు సినిమాలు తీశారు. గాల్లోకి లేచే సుమోలను చూసి పెరిగిన పిల్లలు నా బల్ల దగ్గర కూర్చుంటారు. వాళ్లకు బండి బరువు తెలియాలని నా పట్టుదల. ఈ దారిలో రోజూ మనుషులు ప్రయాణం చేస్తున్నారు, ఆటలోనైనా ఆ బండ్లకు నిజమైన బరువు ఉండాలి.

అంకెలు మీరే సేకరించదలిస్తే స్పీడోమీటరును నమ్మకండి, అది అసలు వేగం కంటే ఎక్కువే చూపేలా తయారవుతుంది. ఫోన్‌లో జీపీఎస్ మేలు, చూసేది మాత్రం పక్క సీటులో ఉన్నవాళ్లు కావాలి. ట్యాక్సీ బండ్లకు 80 దగ్గర కట్టడి పెట్టే పరికరం ఉంటుందని మరవకండి. ప్రతి బండికీ రెండు వరసలు రాయండి, ఒకటి ఖాళీగా, ఒకటి నిండుగా. రాసిన కాగితాన్ని ఆటకు ముందు మీ ఊళ్లో రోజూ బండి నడిపే డ్రైవరన్న చేతికిచ్చి ఒకసారి చదివించండి.